కుర్చీలు జరిపే పని

లోపల ఏం మాట్లాడుకుంటారో నాకు తెలియదు.
పదకొండేళ్లుగా నా పని కుర్చీలు జరపడం,
పొయ్యిలో కట్టెలు ఎగదోయడం,
తలుపు దగ్గరగా వేసి ఇవతలికి రావడం.

పుంతా అరేనాస్‌లో గాలి ముదిరిందంటే
వీధి మలుపుల్లో తాళ్లు కడతారు.
తాడు పట్టుకుని మా గుమ్మం దాకా వచ్చినవాళ్లు
దాన్ని వదలడానికి కాస్త తటపటాయిస్తారు.
ఆ తటపటాయింపు వరకే నాకు తెలుసు.

నెవెంకా బార్రియాని
డాక్టరమ్మా అంటే ఒప్పుకోదు.
చదువుకు ముందు ఆరేళ్లు
ఉన్ని గిడ్డంగిలో బల్ల ముందు నిలబడిన మనిషి.
కత్తిరించిన ఉన్ని కుప్పలుగా వచ్చి పడుతుంటే
కళ్లతో కాదు, బొటనవేలితో చూసి
మెడది ఇటు, పొట్టది అటు వేసేదట.
గడ్డి దొరకని నెలలో పెరిగిన పోగు
ఏ చోట పలచబడిందో తడిమి
ఇక్కడ లాగితే తెగుతుంది, చూసుకోండి, అనేదట.
"ఒక్క మందలోవే,
అయినా ఒకదాని చలి ఇంకోదానికి రాదు" అంటుంది ఇప్పటికీ.
ఇరవయ్యేడో ఏట కోన్సెప్సియోన్ వెళ్లి
తమ్ముళ్ల ఈడు పిల్లల పక్కన బెంచీ మీద కూర్చుంది.
గోడ మీది పట్టా నేనే తుడుస్తాను.
దాని కింద మేకుకి వేలాడే గుప్పెడు ఉన్నిని మాత్రం
ముట్టుకోనివ్వదు.

పొద్దున్నే చీటీ రాసిస్తుంది. పేర్లుండవు.
తొమ్మిదింటికి: గడియారం తీసెయ్యి.
పదిన్నరకి: గడియారం ఎదురుగా పెట్టు,
ఎప్పుడు అయిపోతుందో ఆయనకి కనబడుతూ ఉండాలి.
పన్నెండుకి: రెండు కుర్చీలూ కిటికీ వైపు.
మొహాలు చూసుకోం.
మూడింటికి: కుర్చీలే వద్దు.

మూడింటికి వచ్చేది తొమ్మిదేళ్ల పిల్ల.
బొత్తాల డబ్బా నేల మీద బోర్లిస్తారు.
వారాల తరబడి బొత్తాల చప్పుడే, మాట లేదు.
ఒకరోజు "అది కాదు, నీలంది" అని చిన్న గొంతు.
తలుపు ఇవతల
నా చేతిలో కట్టె చేతిలోనే ఉండిపోయింది.

పీతల పడవ ఓసియెల్ లోపలికే రాడు.
నాలుగు గోడలు చూస్తే ఏ మునిగిన గది గుర్తొస్తుందో.
ఆమే కోటు తగిలించుకుని బయటికి పోతుంది,
జలసంధి ఒడ్డున గంటసేపు నడుస్తారు,
చెవులు ఎర్రబడి తిరిగొస్తారు.
రెండు జతల బూట్లు కడుగుతాను.
ఎవరి బురద ఎవరిదో
నీళ్లలో పడ్డాక తెలియదు.

గాలంటేనే గుండె దడ ఉన్న ఒకావిడ కోసం
తాడుకి నా చేత గుడ్డపీలికలు కట్టించింది.
మొదటి వారం గుమ్మం.
రెండో వారం మొదటి పీలిక.
నాలుగో దాకా వెళ్లి మళ్లీ గుమ్మానికే వచ్చిన వారం కూడా ఉంది.
ఆరోజు ఆవిడ ఏడ్చింది, నెవెంకా ఏడవలేదు,
"ఇవాళ దక్షిణపు గాలి, నాకూ కాళ్లు తేలాయి" అంది.

అందరికీ కుదిరిందని చెప్పను.
లెక్కల మాస్టారొకాయన నాలుగు వారాలొచ్చి మానేశాడు.
"తొందరపడ్డాను. కుర్చీ మరీ దగ్గర వేయించాను"
అంది, నాతో కాదు, పొయ్యితో.
మూడు నెలలు ఆ గంట ఎవరికీ ఇవ్వలేదు.
చీటీలో రాస్తూనే ఉంది:
నాలుగింటికి: కుర్చీ దూరంగా, తలుపు పక్కన.
నేను వేస్తూనే ఉన్నాను.
ఎవరూ రాని గదికి కట్టెలు దండగ అని
నా నోట రాలేదు.

ఇవాళ చీటీ అడుగున కొత్త వరస:
ఐదింటికి ఎవరో కొత్తవారు. ఏమీ తెలియదు.
గది ఖాళీగా ఉంచు, వాళ్లొచ్చాక చూద్దాం.

కుర్చీలు నడవలోకి చేర్చి, ఊడ్చి
మధ్యలో నిలబడ్డాను.
ఇంత ఖాళీని ఎటు సర్దాలో
ఇన్నేళ్లకీ నాకు చేతకాలేదు.
బయట తాడు కిర్రుమంది,
గాలికి కాదు,
ఎవరో పట్టుకున్నారు.