గొడుగు తిరగేసి

వోరు బస్‌స్టాండులో నాదొక ఫోన్ల కొట్టు.
పగిలిన అద్దాలు మారుస్తాను, ఛార్జర్లు అమ్ముతాను,
సెప్టెంబరు వానల్లో ఊరికే కూర్చుంటాను.

హెల్యో వచ్చింది, బుట్టతో, బురద బూట్లతో.
డెబ్బై ఆరేళ్లు. ఒకప్పుడు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో
ఊళ్లకు ఊళ్లను కలిపిన చేతులు.
కొత్త ఫోను కొన్నాక ఆమె చిత్తడినేలల మ్యాపు
స్టోర్‌లో ఎంత వెతికినా దొరకలేదు.
చేసినవాడు టార్టులో ఒక్కడే ఉంటాడు,
ఏటా కట్టే రుసుము ఈసారి కట్టలేదట.
దారి అలాగే ఉంది, నీళ్ల మీద చెక్కపలకలు అలాగే ఉన్నాయి,
స్టోర్‌లో మాత్రం ఆ అడవి లేదు.

పెన్‌డ్రైవ్ తీసి బల్ల మీద పెట్టింది.
ఎక్కించబోతే ఫోను కసిరింది:
"తెలియని చోటి నుంచి వచ్చింది. హాని జరగొచ్చు."
"నేనూ తెలియని చోటి నుంచే వచ్చాను" అంది
బుట్ట మీది గుడ్డ సర్దుతూ.

నేను స్టోర్ పక్షమే, దాచను.
మా తమ్ముడు టార్మో ఎవరో పంపిన లింకు నొక్కి
మూడు నెలల జీతం పోగొట్టుకున్నాడు.
గుమ్మంలో కాపలా ఉండాలన్నాను.
"ఉండనీ.
వంటింట్లోకొచ్చి నా కూర రుచి చూడనక్కర్లేదు."

జేబులోంచి నాలుగు మడతల కాగితం.
టార్టువాడు ఫోన్లో చెబుతుంటే రాసుకున్న వేలిముద్ర,
అరవై నాలుగు గుర్తులు, అంకెలూ అక్షరాలూ కలగాపులగం.
ఫైలుకూ అదే ఉండాలి.
ఆమె చదివింది, నేను తెర మీద వేలు జరిపాను.
మూడు, ఎఫ్, సున్నా, ఏ...
పాత ఉద్యోగపు గొంతు,
ఒక్కొక్కటీ తీగ చివర తగిలిస్తున్నట్టు.
రెండు బస్సులు వెళ్లిపోయాయి.

నలభై ఒకటో గుర్తు.
ఆమె "బీ" అంది. తెర మీద "డీ".
"చూశారా!" అన్నాను, దొంగను పట్టినవాడిలా.
మిగతావి కూడా చదివించింది. అన్నీ కలిశాయి.
"ఫైలులో చెయ్యి పడి ఉంటే మొత్తం చెదిరిపోయేది.
ఒక్కచోటే తేడా అంటే, అది నా చెవి.
నత్త కొరికిన గాటు విషం కాదు బాబూ."
అయినా ఫోన్ చేసింది.
అవతల పసిపాప ఏడుపు, దాని మీదుగా ఒక మగగొంతు:
డీ.
"ముసలిదైపోయింది" అంది, చెవిని తడుముకుని.

పుట్టగొడుగుల సంగతి ఎలా తెలుస్తుందని అడిగాను.
"గొడుగు తిరగేసి చూడాలి.
తెలియకపోతే తెలిసినవాళ్లని అడగాలి.
వాళ్లూ తెలియదంటే అడవిలోనే వదిలెయ్యాలి.
మా వైపు ప్రాణం తీసేది
తెల్లగా, కడిగి పెట్టినట్టుంటుంది."

డబ్బులకు బదులు పసుపుపచ్చవి గుప్పెడు పోసి
బస్సెక్కింది.

నా ఫోను తీశాను. తొంభై మూడు యాప్‌లు,
అన్నీ రాజద్వారం గుండా వచ్చినవే.
టార్చిలైటుకి నా బంధువుల నంబర్లెందుకో?
ఎప్పుడో సరేనన్నాను.

బల్ల మీద నుంచి ఒకటి తీసి తిరగేశాను.
సన్నటి గీతలు కాడ మీదికి జారుతున్నాయి.
బాగుంది.
ఏం చూడాలో మాత్రం తెలియలేదు.