కుడి చెవి

ఎడమ చెవి ఆమెకిచ్చాను.
కుడి చెవి గుంటలది.

ఊటుకూరు దాటినాక ఇసక దిబ్బల పక్కన
పదకొండు రొయ్యల గుంటలు, నలభై నాలుగు ఏరియేటర్లు.
రాత్రంతా నీళ్లని చెంపల మీద కొడుతూనే ఉంటాయి
ఊపిరి తీసుకో, ఊపిరి తీసుకో అని.
నా నిద్ర ఆ చప్పుడు మీద పరిచిన చాప.
చప్పుడు ఆగితేనే నాకు మెలకువ.
ఆగి గంటైతే రొయ్య తేలిపోద్ది,
ఆసామి మునిగిపోతాడు.

మెమరీ కార్డు మా అక్క కొడుకు కోదండం తెచ్చాడు.
కృష్ణపట్నం రేవులో బొగ్గు దించిన ఓడ మనిషెవరో
రెండు కట్టల బీడీలకి ఇచ్చిపోయాడంట.
"ఫ్రాన్సు ఆమె మామా. పాడేదీ ఆమే, డీజే కూడా ఆమే.
తొమ్మిది పాటలు. ఇంకో మనిషి చెయ్యి పడలేదు,
ఒక్కతే చేసుకుందంట."

డీజే అంటే నాకు తెలిసింది
విడవలూరు తిరనాళ్లలో లారీకి కట్టిన పెట్టెలు,
గుండెకాయ పక్కింటికి జరిగేంత మోత.
ఆడమనిషి గదిలో తలుపేసుకుని
ఒంటరిగా చేసే డీజే ఎట్టుంటదో
ఆ రాత్రి మేత చల్లి వచ్చి విన్నాను.

మొదట ఏమీ లేదు. టిక్కు టిక్కుమని
వాన వెలిసినాక రేకుల చూరు.
తర్వాత అడుగు నుంచి ఒక దబ్ దబ్,
మూడో గుంట మోటారు బేరింగు పోయినప్పటి మాదిరే.
లేచి టార్చి వేసి చూసొచ్చాను కూడా.
ఆపైన గొంతు.
పెద్ద గొంతేం కాదు,
జ్వరం తగ్గిన మనిషి మంచినీళ్లు అడిగినట్టు.
మాటలు నాకేం తెలుసు.
ఒకటి మాత్రం అచ్చంగా 'రొయ్య' అన్నట్టే ఉంటది,
అక్కడికొచ్చినప్పుడల్లా నవ్వొస్తది.

అయిదో పాట నన్ను చంపేది.
దరువు పరిగెత్తి పరిగెత్తి టక్కున ఆగుద్ది.
ఏమీ ఉండదు. గాలి కూడా.
కరెంటు పోయిందని ఉలిక్కిపడి
జనరేటరు షెడ్డు దాకా ఎన్ని రాత్రులు ఉరికానో.
సగం దారిలో కుడి చెవి చెప్పేది
తిరుగుతున్నాయిలే, నీ పిచ్చిగానీ, అన్నీ తిరుగుతున్నాయి.
అప్పుడు ఎడమ చెవిలో ఆమె మెల్లగా మొదలెట్టేది.
ఇంత నిశ్శబ్దం కావాలని పెట్టుకుందంటే
ఈమె ఎప్పుడూ రొయ్యలు పెంచినామె కాదు.
లేకుంటే ఏదో పెంచి
ఒక రాత్రి పోగొట్టుకున్నామె.

నూట ఇరవై రోజులు.
తెల్లమచ్చ వచ్చి రెండు గుంటలు పోయాయి.
మిగిలినవి నలభై కౌంటుకి పట్టుబడి.
వలలు, ఐసు లారీలు, తూకం కాడ అరుపులు.
తెల్లారేసరికి తూములెత్తి నీళ్లొదిలేశారు.
ఏరియేటర్లు గట్టు మీద బోర్లా పడుకున్నాయి
రెక్కలకి నాచు ఎండుతూ.

ఆ రాత్రి కాయడానికేమీ లేదు.
మోటార్లు దొంగలపాలు గాకుండా ఉండమన్నాడు ఆసామి.
చప్పుడు లేక నిద్ర రాదు.
బురదలో చచ్చిన మేత వాసన. దూరంగా సముద్రం,
అదొకటి అక్కడుందనే మర్చిపోయాను ఇన్నాళ్లూ.
కుడి చెవి ఊరికే ఉంది గదా అని
రెండో బుడిపె కూడా పెట్టుకున్నాను.

అయిదో పాట. దరువు ఆగింది.
కాళ్లు లేవబోయాయి, కూర్చోమన్నాను.

ఏమీ లేదనుకున్న చోట
కుడి పక్క ఎవరో ఉన్నారు.
అదే గొంతు. ఆమే.
ఎడమ పక్క తాను ఆగిన చోట
కుడి పక్క తానే, సన్నగా,
అంకెలు లెక్కబెడుతున్నట్టు,
అంతసేపూ పలుకుతానే ఉంది.
నాలుగు నెలలుగా పలుకుతానే ఉంది
నేను మోటార్లకిచ్చిన చెవిలో.

కోదండానికి ఫోన్ చేశాను, రాత్రి రెండుకి.
ఒక్కతే అన్నావు గదరా, ఇద్దరున్నారే అన్నాను.
తాగావా మామా అన్నాడు.

నెల తిరిగితే గుంటలు ఎండి, సున్నం చల్లి
మళ్లీ పిల్ల వదుల్తారు.
అప్పటిదాకా
రెండు చెవులూ నావే.