గడియ

మా తమ్ముడు జర్విస్‌కి పన్నెండేళ్ళు.
నది దక్షిణపు ఒడ్డున, నాటకశాలలో,
వాడొక రాచకూతురు.

మధ్యాహ్నం ఆ కప్పు మీద జెండా లేస్తే
మా నాన్న పడవ నిండుతుంది.
తలకొక పెన్నీ పుచ్చుకుని
తన కొడుకు ఆడదానిగా చావడం చూసేవాళ్ళని
థేమ్స్ దాటించి దింపేస్తాడు.
తను మాత్రం గట్టెక్కడు.
"గౌను కట్టిన మొహం నేను చూడను" అంటాడు.
వాడు తెచ్చిన జీతం మాత్రం రెండుసార్లు లెక్కపెడతాడు.

నాటకమంతా ఎవరి చేతికీ ఇవ్వరు.
ఎవరి మాటలు వాళ్ళకి, ఒక సన్నటి కాగితపు చుట్ట.
అవతలివాడి మాటల్లో చివరి రెండు మూడు ముక్కలు
అందిపుచ్చుకోడానికి రాసి ఉంటాయి.
వాడికది కొత్త. నాకు కాదు.
ఈ ఇంట్లో మగవాళ్ళ మాటలు
నా దాకా వచ్చేది తోకలే:
"...అది పెర్నెల్ చూసుకుంటుందిలే."

రాత్రిళ్ళు కొవ్వు దీపం కింద సాధన.
నాకు చదువు రాదు.
వాడు తన చుట్ట చదివేవాడు, మిగతా మనుషులంతా నేను.
కథ ఇంతే: పాత పగ చల్లార్చడానికి
శత్రువింటికి కోడలిగా పంపిన పిల్ల.
పగ మళ్ళీ రాజుకుంది.
అర్ధరాత్రి లేచి, మొగుడు నిద్రపోయే కోట తలుపు
గడియ తియ్యమంటాడు తండ్రి.
పుట్టింటి రక్తమా, మెట్టినింటి ఉప్పా?
ఆమె మోకరిల్లుతుంది. గడియ తీస్తుంది.
ఆనక విషం తాగుతుంది.

చుట్టలో తండ్రి తోక: "...నా రక్తమైతే."
ముందేముందో తెలీదు. నేనే కల్పించాను:
"మీ అమ్మ పోతూ పోతూ ఈ కొంప నీ చేతుల్లో పెట్టింది.
నువ్వు గడప దాటితే ఆవిడ మళ్ళీ చస్తుంది.
లే, నువ్వు నా రక్తమైతే."
జర్విస్ చుట్ట దించి నన్ను చూశాడు.
"అది రాజు మాట కాదక్కా."

ఏడవడం నా దగ్గరే నేర్చుకున్నాడు:
ముందు మెడ బిగించాలి, చప్పుడు రాకూడదు,
చేతికి ఏదో ఒక పని కల్పించాలి.
మోకరిల్లే ముందు గౌను అంచు ఎత్తి పట్టడం,
అది మా వంటింటి నేల తడి నేర్పింది.

గుడ్లమ్మిన డబ్బుల్లో ఒక పెన్నీ దాచి
ఒక్కసారి వెళ్ళి చూశాను.
కాళ్ళ కింద హేజెల్ కాయల పెంకులు.
మొహాన తెల్లసీసం పూసుకుని నా తమ్ముడు
నా మెడ బిగించి, నా అంచు ఎత్తి మోకరిల్లాడు.
పక్కనున్న తోళ్ళవ్యాపారి ముక్కు చీదుకుని,
"ఆడదంటే అలా ఉండాలి" అన్నాడు, నా వైపు తిరిగి.
రాజు మాట నేను కట్టినంత పొడుగు లేదు.
రాజు ఏడుస్తూ అడిగాడు.
అది నాకు తట్టనే లేదు.

రెండేళ్ళకి వాడి గొంతు బొంగురుపోయింది.
గౌను క్రిస్పిన్ అనే మరో పిల్లాడికి వెళ్ళింది.
జర్విస్‌కి కొయ్యకత్తి ఇచ్చారు. వాడిప్పుడు అన్న,
తలుపు తెరుచుకోగానే దూసుకొచ్చి బావని పొడిచే అన్న.
నాన్న మొదటిసారి పడవ కట్టేసి గట్టెక్కాడు.
వచ్చి వాడి భుజం తట్టాడు.
నేను కూతుర్నే.
నాకు గొంతు మారదు.

నిన్న రాత్రి మళ్ళీ సాధన.
"ఆమె మాటలు నువ్వు చెప్పక్కా, అన్నీ నీకు వచ్చుగా."
వాడు మెట్ల మీదకి పోయాడు. నేను గడియ పెట్టాను.
వాడు లోపలికి రావాలంటే
చుట్టలో నావి రెండే మాటలు:
"గడియ తీశాను."

మోకరిల్లాలి. నేల తడిగా ఉంది.
అంచు దాకా వెళ్ళిన చెయ్యి వెనక్కొచ్చింది.
గడియ మీద వేశాను. ఇనుము చల్లగా తగిలింది.

బయట వాడు ఒక మెట్టు దిగి, ఒక మెట్టు ఎక్కాడు.
"అక్కా, మర్చిపోయావా?"
మర్చిపోలేదు.
కిందనుంచి నాన్న బూట్లు. గోడకి తెడ్డు ఆనించిన చప్పుడు.
"తలుపు ముందు నిలబడ్డావేంరా?"
"అక్క చెప్పాలి నాన్నా. తను చెప్తేనే నేను రావాలి."

దీపంలో కొవ్వు చిటపటమంది.
తలుపుకి అవతల ఇద్దరూ
వింటున్నారు.