అరపూట లంక

మే నెల్లో యార్డు మూస్తారు.
గోదాములకి తాళాలు, మా చేతులకి సెలవు.
కూలీ రాదు. దగ్గు కూడా కాస్త తగ్గిద్ది.
ఈసారి ఖాసింబీ అంది:
"వారం వారం ఇరవై వేసిన డబ్బా ఉందిగా,
ఈ ఏడు ఎవరూ చావలేదు, ఎవరికీ ఆపరేషన్ పడలేదు,
పదండి ఎక్కడికన్నా పోదాం."

అట్లా తొమ్మిదిమందిమి
గుంటూరులో బస్సెక్కి బెజవాడలో దిగి
పున్నమి ఘాట్ మెట్ల మీద నిలబడ్డాం,
చీరల మీద నారింజ రంగు జాకెట్లు తగిలించుకుని,
ఒకళ్ళని చూసి ఒకళ్ళం నవ్వుకుంటూ.
దానమ్మకి బకిల్ పట్టలేదు,
దారి పొడుగునా చేత్తో పట్టుకునే కూర్చుంది.

గైడు పేరు జోజిబాబు.
మీసం పెంచాలో వద్దో ఇంకా తేల్చుకోని వయసు.
"అమ్మా, ఇది హాఫ్ డే ప్యాకేజీ,
తొమ్మిదిన్నర నుంచి ఒంటిగంట దాకా" అన్నాడు.
అరపూటంటే మాకు తెలీదా!
అరపూటంటే పదిహేను కిలోల కాయ,
తొడిమలొక పక్క, తాలొక పక్క,
ముక్కు మీద కొంగు.
నీళ్ళ మీద ఊరికే కూర్చునే అరపూట ఒకటుందని మాత్రం
ఎవరూ చెప్పలేదు.

పడవ కదిలింది.
బ్యారేజీ గేట్లు ఒక పక్కకి, అమ్మవారి కొండ ఒక పక్కకి జరిగాయి.
ఆరుగురు దణ్ణం పెట్టారు.
ఖాసింబీ గాలికి జారిన కొంగు తలమీదికి లాక్కుంది.
రూతమ్మ నీళ్ళనే చూస్తా ఉంది.

"ఇది భవానీ ద్వీపం,
విస్తీర్ణం నూట ముప్పై మూడు ఎకరాలు."
"లంక" అంది రూతమ్మ, దిద్దినట్టు.
తర్వాత వేళ్ళు మడిచింది:
"ఎకరాకి పాతిక క్వింటాళ్ళేసుకున్నా
మనం తొమ్మిదిమందిమి తొడిమ తీయాలంటే
మూడేళ్ళు దాటిద్ది."
జోజిబాబు ఆగాడు.
ఇది అతని పాఠంలో లేదు.

పూల మొక్కల దగ్గర తుమ్మాడు.
"పుప్పొడి అండీ" అన్నాడు.
ఊయల దగ్గర తుమ్మాడు, బొమ్మ ఏనుగు దగ్గర రెండుసార్లు.
మేం మాట్లాడలేదు.
యార్డు మూసి పన్నెండు రోజులు,
సబ్బు నీళ్ళలో ఉడకేసిన చీరలివి.
అయినా, పాపం, ఆ పిల్లాడు
మాకు దగ్గరగా నిలబడి చెప్పాలి కదా.

దారులు దారుల్లో కలిసే ఆ మొక్కల తోటలో
వీరకాళి తప్పిపోయింది.
పిలిస్తే పలకదు, సగం చెవుడు.
జోజిబాబు ఈల వేశాడు, మెగాఫోన్ కోసం పరిగెత్తాడు.
మేం కదలకుండా నిలబడి విన్నాం.
మూడో కంచె వెనక నుంచి వచ్చింది దగ్గు,
పొడిగా, చివర చిన్న కీచుతో.
"అదుగో" అన్నాం తొమ్మిదిలో మిగిలిన ఎనిమిదిమందిమి.
మాలో ఎవరి దగ్గు ఎవరిదో మాకు తెలుసు,
మొహం కనపడక ముందే.

పులిహోర పొట్లాలు విప్పినప్పుడు అతనికీ ఒకటిచ్చాం.
"నువ్వు తీరిగ్గా తిరిగావా అబ్బాయ్, ఈ లంకంతా?"
నములుతా ఆలోచించాడు.
"లేదమ్మా. రోజుకి రెండు ట్రిప్పులు.
పెద్ద చింతచెట్టుకి అవతల ఏముందో
నాకూ తెలీదు.
ప్యాకేజీ అక్కడికే."

తిరుగు పడవలో
చెయ్యి నీళ్ళలోకి వదిలాను.
గోళ్ళ చుట్టూ చీలికల్లోకి కృష్ణ చల్లగా పాకింది.
యార్డు రోజుల్లో ఏ ఆడదీ చెయ్యని పని ఒకటి చేశాను,
రెండు చేతుల్తో కళ్ళు గట్టిగా రుద్దుకున్నాను.

మండింది. కొంచెమే.

ఒడ్డున జాకెట్లు విప్పి ఇచ్చేస్తుంటే
జోజిబాబు చెయ్యెత్తి ఊపుదామని
మళ్ళీ తుమ్మాడు.
ఈసారి ఖాసింబీ ఆగలేకపోయింది, నవ్వింది,
అందరం నవ్వాం, అందరం దగ్గాం.

గడియారం చూశాను. ఒంటిగంట.
ఇంకా అరపూట ఉంది.