తాగలేదు

నల్లగొండ పెద్దాసుపత్రిల
చీటి రాసే పిల్ల తలెత్తకుంట అడిగింది:
"మందు తాగిండా?"

తాగలేదమ్మా.
మా ముత్తిలింగం పొద్దుగాల నోరు తెరిచింది
ఒక్క చాయ్ కోసమే.

నడుముదాంక పెరిగిన పత్తి.
వీపు మీది ట్యాంకు మూతకు వాషరు అరిగి ఏడాదాయె,
గుడ్డపీలిక చుట్టి బిగిచ్చిండు.
అది కారుకుంటనే ఉంది
వెన్ను పొడుగూతా.
చెమట బయటికొచ్చే తొవ్వలనే
అది లోపలికి వోయింది.

ఆగు, ఇంకోపారి గూడ తెరిచిండు నోరు.
నాజిల్ల నలక అడ్డం వడితే
పెదాలు ఆనిచ్చి ఊదిండు.
ఊదిండు, గంతే. మింగలే.
బీడి ముట్టిచ్చేముందు వేళ్లు కడిగిండో లేదో
నేను సూడలే.

"ఎంత తాగిండు?" మల్ల అడిగింది.
కాయితం మీద తాగినోళ్లకే గడి ఉన్నదంట,
తోలుకు గడి లేదంట.

ఏం జెప్పాలె.
జరమొస్తే మందు, పురుగొస్తే మందు,
దసరకు తాగేది గూడ మందే.
మూడు సీసాలకు ఒక్కటే పేరు పెట్టి
ఒక్క గూట్లనే దాసుకున్నోళ్లం.

ఆయన అంగీ ఇడిచి సంచిలేసి నా చేతికిచ్చిన్రు.
పిల్లల్ని సూడ ఇంటికొచ్చి,
బోరు పోస్తలేదని, ఉన్న రెండు బిందెల్ల
వాళ్ల బడి బట్టలతోనే కలిపి నానేసిన.
నురుగు తెల్లగనే వచ్చింది.

మోచేతులదాంక ముంచినంక
యాదికొచ్చింది,
నన్నెవ్వరు అడగలే
తాగినవా అని.