నాలుగు వేళ్ల ఎత్తు

ఆదివారం. మాధవరంలో మా సందు చివర
ఖాళీ జాగాలో
లారీ నడుం ఎత్తి జాకీ మీద నిలబెట్టాడు ధనకోటి.
నా చేతిలో టార్చి.
పగలే. కానీ లారీ కింద ఎప్పుడూ రాత్రే.

ఇరవై ఆరేళ్ల లేలాండు,
మా పెళ్లికన్నా రెండేళ్లు పెద్దది.
మణలి నుంచి గుమ్మిడిపూండికి ఇనుము,
అక్కణ్ణుంచి రేవుకి ఇంకేదో ఇనుము
మోసి మోసి
ఎడమపక్క కమాను కట్ట తిరగబడింది.
నవ్వినట్టుండాల్సిన పట్టీలు మూతి ముడిచాయి.

కంపెనీ షాపువాడు చెప్పిన రేటుకి
ఇద్దరం కాసేపు గోడ చూశాం.
మెయిన్ ప్లేటు ఒక్కటే కొత్తది కొని
మిగతా ఎనిమిదీ పుదుపేటలో ఏరుకున్నాం.
తెచ్చిన ఆటో దారంతా ఒక పక్కకి ఒరిగే వచ్చింది.

యూ బోల్టు నట్లు తుప్పుతో పళ్లు బిగించుకున్నాయి.
రాత్రే కిరసనాయిలు పోసి నానబెట్టాను,
మినప్పప్పు నానేసిన చేత్తోనే.
పప్పు నానింది. నట్టు నానలేదు.
స్పానరుకి పైపు తొడిగితే
పైపు మీద ఏళుమలై ఎక్కి నిలబడ్డాడు,
పందొమ్మిదేళ్లు, నలభై ఐదు కిలోలు.
"ఇంకో రెండు దోసెలు తిని రారా" అన్నాడు ధనకోటి.
నిజంగానే తిని వచ్చాడు.
అప్పుడు కీచుమంది నట్టు,
ఎర్రటి పొడి నా కళ్లల్లోకి రాలింది.

"వెలుగు ఇటు" అంటాడు.
ఎటో చెప్పడు.
పెళ్లయిన కొత్తలో దీనికే ఏడ్చేదాన్ని.
ఇప్పుడు భుజం కదిలితే తెలుస్తుంది
చెయ్యి ఏ బోల్టుకి పోతోందో.

పాత కట్ట విప్పాం.
పట్టీకీ పట్టీకీ మధ్య
ఎన్నూరు బూడిద, వరదల ఏడాది బురద,
ఎవరో లోడు కట్టిన గోనె పోగు.
మూడో పట్టీ రెండు ముక్కలు.
ఎప్పుడు విరిగిందో ఏమో
పైవాటికీ కిందివాటికీ మధ్య ఒదిగి
విరగనట్టే మోస్తూ వచ్చింది.
ధనకోటి ఆ రెండు ముక్కల్నీ కలిపి చూశాడు, విడదీసి చూశాడు.
ఏం అనలేదు. నేనూ అనలేదు.
టార్చి కొంచెం వణికింది.
"బ్యాటరీ" అన్నాను.

కొత్త కట్ట ఎక్కించడానికి మధ్యాహ్నం పట్టింది.
సెంటర్ బోల్టు తల హౌసింగు గుంటలో కూర్చోదు.
ఒక నూలు ఇటు, ఒక నూలు అటు,
తొట్టిలో పిల్లాణ్ణి పడుకోబెట్టినంత ఓపిక,
మధ్యమధ్య పిల్లలు వినకూడని మాటలు.
కూర్చుంది.
"ఇప్పుడే బిగించకు" మా మామ మాట వాడి నోట వచ్చింది,
"బరువు నేలకి దిగనీ.
గాల్లో వేలాడేటప్పుడు బిగించింది బిగింపు కాదు."

దించాం. బిగించాం. గ్రీజు కొట్టాం.
వెనక్కి వచ్చి చూస్తే
బండి నాలుగు వేళ్లు పెరిగింది.

చిక్కంతా అక్కడే వచ్చింది.
సందు మొదట్లో కోమలవల్లి టీచరు బాల్కనీ కిందుగా
వచ్చేటప్పుడు రెండు వేళ్ల సందుతో దూరిన బండి
పోయేటప్పుడు పోనంటోంది.
తొట్టి పైకడ్డీ బాల్కనీ అంచుకి ముద్దు పెట్టి ఆగింది.
పైనుంచి టీచరు, చేతిలో గరిటె:
"నా తులసి కుండీ! తులసి కుండీ!"

"గాలి తీద్దామా?" అన్నాడు ఏళుమలై.
టైర్ల సంగతి తెలిసి ధనకోటి వద్దన్నాడు.
"లోడెయ్యండి" అన్నాను నేను.
ఏం లోడు? ఎక్కడి లోడు?
సందు చూశాను.

ఇస్త్రీబండి పూంగావనం ఎక్కింది, బొగ్గుల మూటతో.
క్యారంబోర్డు దగ్గర్నుంచి ఎనిమిదిమంది.
సిమెంటు కొట్టు యతిరాజులు
ఇరవై మూటలు అరువిచ్చి, వాటిమీద తనూ కూర్చున్నాడు.
గరిటెతో సహా టీచరు కూడా,
"నా బాల్కనీ, నేను చూసుకోవాలి" అంటూ.
అందరూ తలలు వంచుకున్నారు.

కమాను మూలిగింది.
ఒక వేలు. రెండు. రెండున్నర.
బాల్కనీ అంచు సున్నం గీరుకుంటూ
అడుగడుగునా, ఊపిరి బిగబట్టి,
పెళ్లివారి బండిలా బయటికొచ్చింది లారీ.
జనం దిగుతుంటే
ఒక్కొక్కరికీ కొంచెం కొంచెం పైకి లేచింది.

ఐదొందల కిలోమీటర్లు తిరిగాక
నట్లు మళ్లీ బిగించాలట.
టీచరుకి సున్నం వేయించాలి.
విరిగిన పట్టీ ముక్కలు పారేయలేదు,
అడగనూ లేదు నేను, సీటు వెనక పెట్టుకున్నాడు.
టార్చిలో కొత్త బ్యాటరీలు వేశాను.
పాతవీ బాగానే వెలుగుతున్నాయి.