పదకొండో పేరా

లింగిచెట్టి వీధి, రెండో అంతస్తు.
ఫ్యాను గాలికి అఫిడవిట్లు ఎగరకుండా
హార్లిక్స్ సీసా, ఎవరివో పాత తాళాలు.
పేజీకి నూట ఇరవై నాకు,
ముద్ర వేసేముందు
తెలుగులో చదివి వినిపించినందుకు.

పదకొండో పేరాలో ఆగిపోయాను.
స్పోలియేషన్.
నిఘంటువు రెండర్థాలిచ్చింది:
కొల్లగొట్టడం.
సాక్ష్యం నాశనం చేయడం.
పుట్టుకేమో లాటిన్‌లోనట,
చచ్చిన గొడ్డు తోలు ఒలిచేచోట.
ఇంత దూరం నడిచొచ్చి
లాయరు కాగితంలో ఎలా కూర్చుందో!

ఎదురుగా బల్లమీద పైడమ్మ.
టెక్కలి అవతలి ఊరు.
పెరుంబాక్కంలో పద్నాలుగంతస్తులకి
పదినెలలు ఇసక మోసింది.
వారానికి ఐదొందలు చేతిలో పెట్టి
మిగతాది లెక్క తేలాక అన్నాడు మేస్త్రీ.
పరంజా కూలి ఆమె తమ్ముడు పోయాక
మస్టరు పుస్తకం వానకి తడిసిందన్నారు,
కాదు చెదలన్నారు,
ఆఖరికి పుస్తకమే లేదన్నారు.
కెమెరాలో అన్ని రోజులూ ఉన్నాయి,
ఆ ఒక్క మధ్యాహ్నం తప్ప.

"సాక్ష్యాపహరణము, అనగా..."
మొదలెట్టాను.
అరవ బస్సు బోర్డు చూసినట్టు
నా నోటివంక చూసిందామె.
ఈసారి చేతులతో చెప్పాను,
కాగితం చింపినట్టు,
జేబులో దోపినట్టు.

"ఓస్, అదేటి బావూ!
డబ్బులు కొట్టేసినాడు.
బుక్కుల మా పేర్లు కొట్టేసినాడు.
అంతే కదేటి?"

అంతే.
ఇరవై రెండేళ్ళుగా ఈ కుర్చీలో
నేనేం చేస్తున్నట్టు?

జూనియర్ చెంగల్వరాయుడు ముఖం చిట్లించాడు:
"మరీ నాటు సార్,
కోర్టు కాగితంలో బాగుండదు."

అయినా నా పెద్దమాట మీద
ఒకే ఒక్క గీత గీశాను.
కింద ఉన్నది కనబడుతూనే ఉండాలి,
పక్కన గీసినవాడి సంతకం ఉండాలి.
కొట్టేయడానికి కూడా
ఇక్కడ ఓ పద్ధతుంది.

పైడమ్మ బొటనవేలు పట్టి అద్దాను.
పడలేదు.
సిమెంటు గీతల్ని తినేసింది.
మళ్ళీ అద్దాను.
మూడోసారికి
చంద్రుడి మీది మచ్చలా ఏదో పడింది,
మనిషిదని నమ్మాలి.

"మరి జడ్జీగారేటంటారు?"
చెంగుకి సిరా తుడుచుకుంటూ అడిగింది.

ఆమె చెప్పిన మాటకి
ఈ భవనాల్లో
మూడో అర్థం కూడా ఉంది.
నేను చెప్పలేదు.
ఆ అనువాదానికి
నాకెవరూ డబ్బివ్వలేదు.